అడిగింది వంద, ఇచ్చింది వెయ్యి

ప్రశ్న: మా సున్నపురాయి క్రషర్‌లో పెద్ద బండ పడితే ప్యానెల్ మీది ఆమ్మీటరు ముల్లు 28 నుంచి 55 ఆంపియర్లకు ఎగిరి, అర సెకనులో దిగిపోతుంది. ఓపీసీ యూఏ (యంత్రాల విలువల్ని కంప్యూటర్లకు చేరవేసే ప్రమాణం) క్లయింటు, అంటే విలువల్ని అందుకునే సాఫ్ట్‌వేర్, ట్రెండులో మాత్రం గీత కదలదు. పబ్లిషింగ్ ఇంటర్వెల్‌ను 1000 నుంచి 100 మిల్లీసెకన్లకు తగ్గించినా అంతే. ఎందుకని?
– ఇన్‌స్ట్రుమెంట్ టెక్నీషియన్, ఎర్రగుంట్ల

జవాబు: మీరు మార్చింది ఒకటి, మార్చాల్సింది మరొకటి. విలువల్ని అందించే సర్వర్, పోగైనవాటిని మూటగట్టి ఎంతకోసారి పంపాలో చెప్పేది పబ్లిషింగ్ ఇంటర్వెల్. ఆ విలువను ఎంతకోసారి చూడాలో చెప్పేది శాంప్లింగ్ ఇంటర్వెల్. పబ్లిషింగ్ సబ్‌స్క్రిప్షన్ (క్లయింటు సర్వర్‌ను పంపమని కోరిన విలువల జట్టు) మొత్తానికి ఒకటే. శాంప్లింగ్ ఒక్కో ట్యాగుకు, అంటే ఒక్కో కొలతకు, విడిగా ఉంటుంది. పబ్లిషింగ్‌ను ఎంత తగ్గించినా, అప్పటికే చేర్చిన ట్యాగుల శాంప్లింగ్ పాత అంకె మీదే ఉండిపోతుంది. శాంప్లింగ్ గడిలో మైనస్ 1 పెట్టి చేర్చిన ట్యాగులదీ ఇదే సంగతి: చేర్చిన నాటి పబ్లిషింగ్ వ్యవధే వాటికి నిలిచిపోతుంది.

కాబట్టి ట్యాగు మీద రైట్ క్లిక్ చేసి, మానిటర్డ్ ఐటమ్ సెట్టింగుల్లో శాంప్లింగ్ 100 చేయండి. ఓకే నొక్కి వదిలేయకండి. మీరు రాసేది కోరిక మాత్రమే, ఖరారు చేసేది సర్వర్. అది తిప్పి పంపే అంకెను రివైజ్డ్ విలువ అంటారు. అక్కడ 1000 కనిపిస్తే మీ 100 చెల్లలేదన్నమాట. యంత్రాన్ని నడిపే కంట్రోలర్‌లోనే (పీఎల్‌సీ) ఉన్న సర్వర్ అయితే, కనీస శాంప్లింగ్ హద్దు పీఎల్‌సీ ప్రోగ్రామింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఉంటుంది. అక్కడ తగ్గించి డౌన్‌లోడ్ చేయాలి. మధ్యలో గేట్‌వే ఉండి అది పీఎల్‌సీని సెకనుకోసారి చదువుతుంటే, ముందు ఆ స్కాన్ రేటు తగ్గించాలి. సెన్సర్ సిగ్నల్‌ను అందుకునే అనలాగ్ కార్డులో ఫిల్టరింగ్ గట్టిగా పెట్టి ఉన్నా, అర సెకను ఎగురుడు కార్డు దగ్గరే అణిగిపోతుంది.

ఇక క్యూ సైజు, అంటే పంపేదాకా ఒక్కో ట్యాగుకు సర్వర్ దాచి ఉంచే విలువల సంఖ్య. ఎక్కువమంది తప్పిపోయేది ఇక్కడే. ఒకే ఉత్తరం పట్టే తపాలా డబ్బా అనుకోండి: కొత్తది వేస్తే పాతది పోతుంది, పోస్టుమ్యాన్ వచ్చేసరికి చివరిదే మిగులుతుంది. క్యూ 1గా ఉంటే మీ 55 ఆంపియర్లు సరిగ్గా అలాగే పోతాయి. పబ్లిషింగ్ 1000, శాంప్లింగ్ 100 అయితే ఒక విడతకు పది విలువలు పోగవుతాయి. క్యూ కనీసం 10 ఉండాలి, నెట్‌వర్కు తడబాటుకు కూడా కలుపుకుని 20 పెట్టండి. డిస్కార్డ్ ఓల్డెస్ట్ (క్యూ నిండితే అన్నిటికన్నా పాతదాన్ని వదిలేసే సెట్టింగు) ఆన్‌లోనే ఉంచండి. క్యూ నిండి విలువలు పోయినప్పుడు స్టేటస్‌లో ఓవర్‌ఫ్లో గుర్తు వస్తుంది, అది కనిపిస్తే క్యూ ఇంకా పెంచండి. ఇలా చేస్తే పబ్లిషింగ్‌ను 100కు దించే పనే లేదు, వెనక్కి 1000కి మార్చేయండి. కిల్న్ (బట్టీ) ఉష్ణోగ్రతల్లాంటి నిదానపు ట్యాగుల్ని వేరే సబ్‌స్క్రిప్షన్‌లో 2000 మీద పెట్టుకోవడం మేలు.

ప్రశ్న: వైర్‌లెస్ లింకు అర నిమిషం పోయి వస్తే, క్లయింటు కనెక్టెడ్ అంటుంది గానీ విలువలు మాత్రం కదలవు. లాగ్‌లో బ్యాడ్ సబ్‌స్క్రిప్షన్ ఐడీ ఇన్‌వాలిడ్ అని ఉంది.
– కంట్రోల్ రూమ్ ఆపరేటర్, తాడిపత్రి

జవాబు: లింకు లేని ఆ అర నిమిషంలో సర్వర్ మీ సబ్‌స్క్రిప్షన్‌ను తీసేసింది. లైఫ్‌టైమ్ కౌంట్, కీప్ అలైవ్ కౌంట్ రెండూ సెకన్లు కావు, పబ్లిషింగ్ విడతల లెక్క. పబ్లిషింగ్ 500, కీప్ అలైవ్ 10 అయితే, మార్పేమీ లేనప్పుడు 5 సెకన్లకోసారి బతికున్నానన్న కబురు వస్తుంది. లైఫ్‌టైమ్ 30 అయితే, క్లయింటు నుంచి పబ్లిష్ అభ్యర్థన 15 సెకన్లు రాకపోతే సబ్‌స్క్రిప్షన్ రద్దు. మీ లింకు 30 సెకన్లు పోతుంది కాబట్టి లైఫ్‌టైమ్‌ను 240 చేయండి, రెండు నిమిషాలు నిలుస్తుంది. సెషన్ టైమౌట్ (కబురు లేకున్నా సర్వర్ కనెక్షన్‌ను నిలిపి ఉంచే గడువు) కూడా అంతకు తగ్గకుండా చూడండి. లైఫ్‌టైమ్ ఎప్పుడూ కీప్ అలైవ్‌కు కనీసం మూడింతలుండాలన్నది ప్రమాణంలోని నియమం.

పబ్లిషింగ్ మార్చినప్పుడల్లా ఈ లెక్క మళ్లీ వేసుకోండి. 500ను 5000 చేసి కౌంట్లు అలాగే వదిలేస్తే, కీప్ అలైవ్ 50 సెకన్లకు, లైఫ్‌టైమ్ 20 నిమిషాలకు సాగిపోతాయి. లింకు తెగినా దాదాపు నిమిషం పాటు తెర మీద పాత అంకెలే నిలబడి ఉంటాయి. ఆ అంకెల్ని నమ్మి మోటారు ఆన్ చేసే మనిషి ప్రాణం సంగతి ఆలోచించండి. అలాగని లైఫ్‌టైమ్‌ను గంటలకు గంటలు పెంచకండి. క్లయింటు ఆగిపోయిన ప్రతిసారీ ఒక పాత సబ్‌స్క్రిప్షన్ సర్వర్‌లో మిగిలిపోతుంది. చివరికి హద్దు నిండి, కొత్తవాటిని సర్వర్ తిరస్కరిస్తుంది.

ప్రశ్న: సోలార్ ప్లాంటు నుంచి 4జీ సిమ్ మీద డేటా పంపుతున్నాం. రాత్రిపూట కూడా డేటా ఖర్చవుతోంది. తగ్గించేదెలా?
– సైట్ ఇంజినీరు, ఓర్వకల్లు

జవాబు: రాత్రి స్ట్రింగ్ (వరసగా కలిపిన ప్యానెళ్ల) కరెంట్లు 0.01, 0.02 అంటూ సున్నా చుట్టూ ఊగుతుంటాయి. ప్రతి ఊపూ సర్వర్ దృష్టిలో మార్పే. ఆ ట్యాగులకు డెడ్‌బ్యాండ్‌ను (ఇంతకు మించి మారితేనే పంపు అనే హద్దును) ఆబ్సల్యూట్‌గా 0.2 ఆంపియర్లు పెట్టండి. పోల్చేది కిందటిసారి నమోదైన విలువతో కాబట్టి, నిదానంగా పెరిగే కరెంటు కూడా 0.2 దాటగానే వస్తుంది, జారిపోదు. సెన్సర్ చెడి స్టేటస్ మారితే డెడ్‌బ్యాండ్ దాన్ని ఆపదు.

పర్సెంట్ డెడ్‌బ్యాండ్ కావాలంటే ట్యాగుకు ఈయూ రేంజ్ (ఆ కొలత కనిష్ఠ, గరిష్ఠ హద్దులు) ఉండి తీరాలి. ఎండ తీవ్రత రేంజ్ 0 నుంచి 1500 అయితే 1 శాతం అంటే చదరపు మీటరుకు 15 వాట్లు: రేంజ్‌లో శాతమే గానీ అప్పటి విలువలో కాదు. రేంజ్ లేని ట్యాగుకు పెడితే సర్వర్ ఒప్పుకోదు. డెడ్‌బ్యాండ్ పెట్టని ట్యాగుల్లో ట్రిగ్గర్‌ను (ఏది మారితే పంపాలో చెప్పే సెట్టింగును) స్టేటస్-వాల్యూ మీద ఉంచండి. టైమ్‌స్టాంపు కూడా కలిపిన ట్రిగ్గర్ పెడితే, విలువ మారకున్నా టైమ్‌స్టాంపు కదిలిన ప్రతిసారీ ప్యాకెట్ వెళుతుంది. పబ్లిషింగ్ 10000, కీప్ అలైవ్ 6, లైఫ్‌టైమ్ 60 చేస్తే, ఏ మార్పూ లేని రాత్రి సబ్‌స్క్రిప్షన్ తరఫున నిమిషానికి ఒక్క కీప్ అలైవ్ కబురే నడుస్తుంది. బ్రేకర్ ట్రిప్ ట్యాగుల్ని మాత్రం ఇందులో కలపకండి, వాటికి 1000తో వేరే సబ్‌స్క్రిప్షన్ తెరవండి.