ఇతర సైట్లు ఇచ్చే లింకులకు విలువ ఎక్కడి నుంచి వస్తుంది?

ప్రశ్న: పత్తర్‌గట్టీలో మాకు ముత్యాల దుకాణం ఉంది. మా వెబ్‌సైట్‌లో ముత్యాల రకాలు, ధరలు అన్నీ వివరంగా రాశాం. అయినా గూగుల్‌లో మూడో పేజీలో ఉంటున్నాం. మాకంటే తక్కువ సమాచారం ఉన్న సైట్లు ముందు కనిపిస్తున్నాయి. నెలనెలా డబ్బు కడితే వేల లింకులు ఇప్పిస్తామని ఒక సంస్థ అంటోంది. ఒప్పుకోమంటారా?
– ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: దయచేసి ఒప్పుకోకండి. సెర్చ్ ఇంజిన్ మీ పేజీలో ఉన్నదాన్ని చదవడంతో ఆగదు, బయటి సైట్లలో ఎవరెవరు మీకు లింకు ఇస్తున్నారో కూడా చూస్తుంది. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో పరిశోధన చేస్తూ గూగుల్ స్థాపకులు లారీ పేజ్, సెర్గీ బ్రిన్ రూపొందించిన, వచ్చే లింకులను బట్టి పేజీకి విలువ కట్టే పేజ్‌ర్యాంక్ పద్ధతికి మూలం ఇదే. 1998లో వారు ప్రచురించిన పత్రం ప్రకారం లింకుల సంఖ్య ఒక్కటే చాలదు. లింకు ఇచ్చిన పేజీకి స్వయంగా ఎంత విలువ ఉంది, ఆ విలువను అది ఎన్ని లింకులకు పంచుతోంది అన్నవీ లెక్కలోకి వస్తాయి. కాబట్టి ఎవరూ చూడని ఒక పేజీలో వందలాది దుకాణాల పేర్ల మధ్య మీ పేరు చేరినా మీకు దక్కేది దాదాపు శూన్యం.

లింకు మీద ఉండే మాటలకూ ప్రాధాన్యం ఉంది. మీ గురించి నిజంగా రాసేవాళ్లలో ఒకరు దుకాణం పేరుతో, మరొకరు ‘బస్రా ముత్యాల దండలు’ అని, ఇంకొకరు ‘ఇక్కడ చూడండి’ అని లింకు ఇస్తారు. సంబంధం లేని వేల సైట్లలో ‘హైదరాబాద్ ముత్యాలు’ అన్న ఒకే మాట కనిపిస్తే అది కొన్న సరుకని ఇట్టే తెలిసిపోతుంది. ఇలాంటి వాటిని అరికట్టడానికే గూగుల్ 2012 ఏప్రిల్‌లో తన ఫలితాల వరుసను నిర్ణయించే పద్ధతిలో పెంగ్విన్ అనే మార్పు తెచ్చింది. అప్పట్లో దాని వల్ల సైట్ల స్థానాలే పడిపోయేవి. 2016 నుంచి అది ఎక్కువగా అటువంటి లింకులను లెక్కలోంచి తీసేస్తోంది. అంటే మీరు నెలనెలా కట్టే సొమ్ముకు ఫలితం ఉండదు, పైగా గూగుల్ సిబ్బంది స్వయంగా పరిశీలించి చర్య తీసుకునే ప్రమాదం ఎప్పుడూ ఉంటుంది. డబ్బిచ్చి పెట్టించుకున్న లింకుకు పేజీ కోడ్‌లో ‘స్పాన్సర్డ్’ అన్న గుర్తు ఉండాలని 2019 నుంచి గూగుల్ చెబుతోంది. ఆ గుర్తు పెడతారా అని ఆ సంస్థను ఒక్కసారి అడిగి చూడండి.

మీది వీధిలో ఉన్న దుకాణం కనుక మ్యాప్‌తో పాటు వచ్చే ఫలితాలు మీకు మరింత ముఖ్యం. అక్కడ గూగుల్ చూసేవి వెతికినదానికి పొంతన, దూరం, పేరుప్రఖ్యాతులు. కూకట్‌పల్లిలో వెతికిన వారికీ చార్మినార్ దగ్గర నిలబడి వెతికిన వారికీ ఒకే వరుస రాదు, దూరం వల్ల వచ్చే ఆ తేడాను ఏ లింకులూ మార్చలేవు. కొనుగోలుదారుల సమీక్షలు పేరుప్రఖ్యాతుల కింద లెక్కకు వస్తాయి. ముందుగా గూగుల్ బిజినెస్ ప్రొఫైల్‌లో (గూగుల్‌లో మీ దుకాణం వివరాలు చూపే పేజీ), దుకాణాల వివరాలు ఇచ్చే డైరెక్టరీల్లో మీ చిరునామా, ఫోన్ నంబరు ఒకేలా ఉన్నాయో లేదో సరిచూసుకోండి. కొన్నవారిని సమీక్ష రాయమని అడగండి, కానీ అందుకు బదులుగా తగ్గింపు ఇవ్వకండి; అది నిబంధనలకు విరుద్ధం.

ఇక లింకుల విషయానికి వస్తే, అసలు ముత్యాన్ని ఎలా గుర్తుపట్టాలి, రంధ్రం ఎలా వేస్తారు, దండ ఎలా గుచ్చుతారు అన్నవి మీ పనివారి చేతులు కనిపించే ఫొటోలతో రాయండి. నగల డిజైనర్లు, పెళ్లి ఏర్పాట్లు చేసేవారు, పాతబస్తీ గురించి రాసేవారు తమంతట తామే లింకు ఇవ్వదగిన సమాచారం అదే.