మొహమాటం ఇంట్లోనే వదిలేసి వెళ్ళు

అల్లుడికి అత్తయ్య దీవెనలు.

ఇజ్రాయెల్‌లోని టెల్ అవీవ్‌లో నీకు ఉద్యోగం ఖాయమైందని మీ నాన్న ఫోన్ చేసినప్పుడు దొడ్లో కరివేపాకు కోస్తున్నాను. ఫోన్ పెట్టేశాక ఆ రెమ్మలు ఒళ్ళో పెట్టుకుని అరుగు మీద అలాగే కూర్చుండిపోయాను. పదకొండేళ్ళు ఆ దేశంలో ఒక ముసలావిడకి స్నానం చేయించి, మందులిచ్చి, పక్క గదిలో చెవి అటే పెట్టుకుని పడుకున్నదాన్ని. ఆ దేశానికే మా ఇంటి పిల్లాడు కంప్యూటర్ భద్రత పని మీద ఇంజినీరుగా వెళ్తున్నాడంటే గుండె నిండిపోయింది. ఆ వెంటనే 2025 జూన్‌లో టీవీలో చూసిన రమత్ గన్ కళ్ళ ముందుకొచ్చింది. ఇరాన్ క్షిపణి పడి అద్దాలు రాలిపోయిన మేడలు, నేను కూరగాయల సంచి పట్టుకుని తిరిగిన ఊరు. ఆ రాత్రి నాకు కన్ను మూతపడలేదు. అందుకే ఈ ఉత్తరం.

చిన్నవి ముందు చెప్పేస్తాను. అక్కడ వారం ఆదివారంతో మొదలవుతుంది. శుక్రవారం మధ్యాహ్నం నుంచి శనివారం చీకటిపడేదాకా బస్సులు దాదాపు ఉండవు, సరుకులు గురువారమే తెచ్చుకో. దిగిన వారంలోనే మన రాయబార కార్యాలయంలో పేరు నమోదు చేయించుకో. పాస్‌పోర్టు ఎవరి దగ్గరా దాచిపెట్టకు.

ఇక అసలు సంగతి. ఇది మీ నాన్నకి కూడా నేను పూర్తిగా చెప్పలేదు.

2012లో సెలవు మీద వచ్చి తిరిగి వెళ్తున్నాను. రావులపాలెం బస్టాండులో వరసకి అన్నయ్య అయ్యే ఒకాయన పరుగెత్తుకొచ్చి నా చేతిలో ఒక పొట్లం పెట్టాడు. వాళ్ళావిడ అక్కడ నెతన్యా అనే ఊళ్ళో నాలాగే ముసలివాళ్ళని చూసుకునేది. "చింతపండూ పచ్చడీనమ్మా, మీ వదినకి ఇచ్చేయ్" అన్నాడు. పాత పేపరు చుట్టి, పైనంతా గోధుమరంగు టేపు బిగించేశాడు. విప్పి చూపించమని నోటిదాకా వచ్చింది. అడిగితే ఏమనుకుంటాడోనని మింగేశాను.

ముంబైలో టెల్ అవీవ్ విమానం దగ్గర, ఇంకా పెట్టె తూకం కూడా వేయకముందే, ఒక అమ్మాయి నన్ను పక్కకి పిలిచింది. పెట్టె ఎవరు సర్దారు? సర్దినప్పటి నుంచి నీ దగ్గరే ఉందా? ఎవరైనా ఏమైనా ఇచ్చారా? "ఎవరూ ఇవ్వలేదు" అన్నాను. ఇచ్చారంటే పొట్లం పారేస్తారని, వదినకి ముఖం ఎలా చూపించాలని నా భయం. ఆ అమ్మాయి మా ఊరి గురించి, నేను చూసుకునే ముసలావిడ గురించి ఏవేవో అడిగి, మళ్ళీ ఆ ప్రశ్నకే ఇంకో దారిలో వచ్చింది. మళ్ళీ లేదన్నాను. అప్పుడు పెట్టె తీయించింది. కత్తెరతో టేపు కోస్తుంటే చింతపండు ముద్ద మధ్యలోంచి, ప్లాస్టిక్ కవర్లో, ఛార్జరు వైరు చుట్టిన పాత సెల్‌ఫోను బయటపడింది. నా కాళ్ళలో సత్తువ పోయింది. "ఇది ఎవరిది?" నాదేనన్నాను. "ఏ కంపెనీది?" నోరు పెగల్లేదు.

ఆ పూట నాలుగు గంటలు ఒక చిన్న గదిలో కూర్చున్నాను. ఎవరూ చెయ్యి చేసుకోలేదు, కేకలు వేయలేదు. ఒక్కొక్కళ్ళే వచ్చి అవే ప్రశ్నలు మళ్ళీ మళ్ళీ అడిగారు. చివరికి ఏడుస్తూ అంతా చెప్పాను. అప్పటికి విమానం వెళ్ళిపోయింది. ఇంకో విమానంలో పంపడానికి మూడు రోజులు పట్టింది. ఆ మూడు రోజులూ అక్కడ మా సవ్తాకి ఎవరున్నారు? సవ్తా అంటే వాళ్ళ భాషలో నాయనమ్మ. నా బదులు ఉన్నమ్మాయి గడువు ముగిసి వెళ్ళిపోయింది. ఆవిడ కూతురు ఉద్యోగం మానుకుని రాత్రీ పగలూ కూర్చుందట.

నేను వెళ్ళగానే సవ్తా తిట్టలేదు, పక్కన కూర్చోబెట్టుకుని ఒక కథ చెప్పింది. 1986 ఏప్రిల్‌లో లండన్‌లో ఒక ఐర్లండ్ అమ్మాయి, గర్భిణి, ఇజ్రాయెల్ వాళ్ళ ఎల్ ఆల్ విమానం ఎక్కబోయింది. పెళ్ళి చేసుకుంటానన్నవాడు ఆమె చేతికి ఒక బ్యాగు ఇచ్చి పంపాడు. ఆ బ్యాగు అడుగున బాంబు పెట్టాడని ఆమెకి తెలియదు. ఈ ప్రశ్నలే అడిగి అడిగి, అనుమానమొచ్చి వెతికి పట్టుకున్నారు. "ఆ పిల్ల చెడ్డది కాదు, నువ్వూ కాదు. అందుకే అడుగుతారు" అంది సవ్తా. అల్లుడూ, ఆ మాట విన్నాక నాకు పొట్లం ఇచ్చినవాడి మీద కాదు, నా మీద నాకే కోపం వచ్చింది. నన్ను నమ్మి అంత విమానం ఎక్కుతుంటే నేను మొహమాటానికి రెండు అబద్ధాలు చెప్పాను.

నిన్ను ఎక్కువసేపు ఆపుతారు. పేరు చూసి, రంగు చూసి, ఎందుకు వెళ్తున్నావని పదిసార్లు అడుగుతారు. మనసు చివుక్కుమంటుంది, నాకూ ప్రతిసారీ అనిపించేది. అయినా ఉన్నదున్నట్టు చెప్పు.

ఇల్లు వెతికేటప్పుడు అద్దె చూడకు, మమాద్ ఉందా అని చూడు. మందపాటి కాంక్రీటు గోడలు, ఇనుప తలుపు, ఇనుప కిటికీ ఉండే గది. 1991లో ఇరాక్ స్కడ్ క్షిపణులు రమత్ గన్ మీద పడ్డాక, 1992 నుంచి కొత్త ఇళ్ళకి ఆ గది తప్పనిసరి చేశారు. మాది అంతకు ముందు కట్టిన ఇల్లు. 2014 జులైలో సైరన్ మోగితే మాకున్నది తొంభై సెకన్లు. నడవలేని మనిషిని చంకలో చెయ్యివేసి లేపి, గుమ్మం దాటించి, మెట్ల మీద గోడకి ఆనించి కూర్చోబెట్టేసరికి పైన ఢాం అని మోగింది. సవ్తా నా చెయ్యి ఎంత గట్టిగా పట్టుకుందంటే ఆవిడ ఉంగరం అచ్చు సాయంత్రం దాకా పోలేదు. నువ్వు లుంగీలో ఉన్నా, తలకి సబ్బు ఉన్నా పరుగెత్తు. మీ అమ్మతో వీడియోలో మాట్లాడుతున్నా సరే, ఫోను పడేసి పరుగెత్తు. 2021 మేలో అష్కెలోన్‌లో రాకెట్ పడి చనిపోయిన కేరళ అమ్మాయి అప్పుడు భర్తతో ఫోన్లో ఉంది. నాలాంటి పని చేసే పిల్లే.

ఆ ఇనుప తలుపు వేసుకున్నప్పుడు ఇంకో మాట గుర్తుంచుకో. గాజాలో సైరనూ లేదు, అలాంటి గదీ లేదు. అక్కడి తల్లులూ పిల్లల్నే పట్టుకుని కూర్చుంటారు.

ఆఫీసు గురించి నాకేం తెలుసని అనుకోకు. సవ్తా మనవడు సైన్యం నుంచి వచ్చి, ముగ్గురు స్నేహితులతో మా వంటింటి బల్ల మీదే కంపెనీ మొదలుపెట్టాడు. 2013లో వేజ్‌ని, అదే అక్కడివాళ్ళు చేసిన దారి చూపించే యాప్‌ని, గూగుల్ కొన్నదని విని నలుగురూ నన్ను కూడా లాగి గెంతారు. అక్కడ పద్దెనిమిదేళ్ళు నిండితే ఆడా మగా చాలామంది సైన్యానికి వెళ్ళాల్సిందే. సైన్యంలో 8200 అనే గూఢచార దళంలో కంప్యూటర్ పని చేసినవాళ్ళు బయటికొచ్చి కంపెనీలు పెడతారు. చెక్ పాయింట్ అనే కంప్యూటర్ భద్రత కంపెనీ పెట్టిన గిల్ ష్వెద్ అలాంటివాడే. అందుకే నీ పక్కవాళ్ళకి ముందే స్నేహాలుంటాయి, కొన్నాళ్ళు నువ్వు గుమ్మం బయట ఉన్నట్టే ఉంటుంది. యుద్ధం వస్తే వాళ్ళని మళ్ళీ పిలుస్తారు. 2023 అక్టోబర్‌లో మూడు లక్షల మందికి పైగా పిలిచారు. ఖాళీ కుర్చీల పని నీ మీద పడుతుంది, విసుక్కోకు.

ఆ వంటింట్లో ఒకరోజు డబ్బు పెట్టడానికి తండ్రి వయసు పెద్దమనిషి వచ్చాడు. మనవడు ఆయన ముఖం మీదే "మీ లెక్క తప్పు" అన్నాడు. కొట్టుకుంటారని నేను కత్తి తీసి సొరుగులో పెట్టేశాను. పావుగంటకి ఒకే పళ్ళెంలో హమ్మస్, అదే శనగల ముద్ద, తింటున్నారు. దాన్ని దుగ్రి అంటారు, ఉన్నమాట అనడం. రెండేళ్ళకి ఆ కంపెనీ మూతపడింది. సవ్తా ఎవరి దగ్గరా దాచలేదు, వాడు తలదించుకోలేదు, ఇంకోటి మొదలుపెట్టాడు. మన వీధిలో అయితే వాణ్ణి మాటలతో చంపేసేవాళ్ళం. నువ్వు మాత్రం "అయిపోతుంది సార్" అని తల ఊపకు. కాదంటే కాదను, రాదంటే రాదను.

అలాగే నువ్వు రాసేది ఎవరి చేతికి పోతుందో అడుగు. ఫోన్లలో దూరే పెగాసస్ ఆ దేశానిదే. దాని మీద విచారణకి 2021లో మన సుప్రీంకోర్టే కమిటీ వేయాల్సి వచ్చింది. తాళం చేయడానికి వెళ్తున్నావో, దొంగతాళం చేయడానికో మొదటి రోజే తేల్చుకో. జవాబు నచ్చకపోతే తిరిగొచ్చెయ్, ఈ ఇంట్లో నిన్ను ఎవరూ ఒక్క మాట అనరు. అననివ్వను.

మీ అమ్మ పెట్టె తను సర్దుతానంటోందట, వద్దను. నువ్వే సర్దుకో, నేను పక్కన కూర్చుంటాను. ఆవకాయ నీ కళ్ళ ముందే జాడీలోంచి సీసాలోకి తీస్తాను, మూత నువ్వే బిగించు. ఎవరైనా ఏమైనా ఇచ్చారా అని అడిగితే, మా అత్తయ్య ఆవకాయ ఇచ్చిందని చెప్పు.

నీ అత్తయ్య