మూడు నెలల కోర్సుకు ఫీజు కట్టాలా?

ప్రశ్న: మా అమ్మాయి హనుమకొండలో బీఎస్సీ రెండో సంవత్సరం (మ్యాథ్స్, స్టాటిస్టిక్స్, కంప్యూటర్స్) చదువుతోంది. పెద్ద పెద్ద డేటాను గ్రాఫులుగా, మ్యాపులుగా చూపించే పనిలోకి వెళ్తానంటోంది. పవర్ బీఐ (డేటాను గ్రాఫులుగా చూపే సాఫ్ట్‌వేర్) మీద మూడు నెలల కోర్సు చేస్తే చాలని తెలిసినవాళ్లు అంటున్నారు. ఫీజు కట్టమంటారా?
– ఒక తండ్రి, పరకాల

జవాబు: ఇప్పుడే కట్టకండి. కంప్యూటర్‌లో వేసుకునే పవర్ బీఐ డెస్క్‌టాప్ ఉచితంగానే దొరుకుతుంది, ఇంట్లోనే నేర్చుకోవచ్చు. ఈ పనిలో అసలు కష్టం వేరే ఉంది.

సెకనుకో రీడింగ్ ఇచ్చే సెన్సర్ ఒకటి ఉందనుకోండి. ఏడాది తిరిగేసరికి 3 కోట్ల 15 లక్షలకు పైగా రీడింగులు. మామూలు కంప్యూటర్ తెర మీద అడ్డంగా ఉండేది 1920 పిక్సెళ్లు (బొమ్మను చూపే చిన్న చుక్కలు). ఏడాదంతా ఒకే గ్రాఫులో చూపాలంటే ఒక్కో పిక్సెల్‌కు 16 వేలకు పైగా రీడింగులు పడతాయి. వాటిలో ఏది ఉంచాలి, ఏది వదలాలి? చాలామంది సగటు లెక్కగట్టి ఊరుకుంటారు. గీత నున్నగా వస్తుంది, అసలు విషయం మాయమవుతుంది.

2023 జులై 27 ఉదయానికి ముగిసిన 24 గంటల్లో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో 649.8 మి.మీ. వాన పడింది. అదే వానను నెల మొత్తానికి పంచితే రోజుకు 21 మి.మీ. మాత్రమే. ఆ గ్రాఫు చూసినవాళ్లకు ఊళ్లు మునిగాయని తెలుస్తుందా? అందుకే నెల, రోజు, గంట ఇలా ప్రతి స్థాయిలోనూ సగటుతో పాటు గరిష్ఠం, కనిష్ఠం కూడా ఉంచాలి. ఈ ఆలోచన స్టాటిస్టిక్స్ బాగా చదివినవాళ్లకే వస్తుంది. మీ అమ్మాయికి ఆ సబ్జెక్టు ఉంది, దాన్ని నిర్లక్ష్యం చేయనివ్వకండి.

ముందు మొత్తం చూపాలి, తర్వాత దగ్గరికి వెళ్లనివ్వాలి, వివరాలు అడిగినప్పుడే ఇవ్వాలి అని బెన్ ష్నైడర్‌మన్ అనే కంప్యూటర్ శాస్త్రవేత్త 1996లోనే చెప్పారు. ఫోన్‌లో మనం చూసే మ్యాపులు నడిచేది ఇలాగే. మ్యాపును చదరపు ముక్కలుగా కోసి ఉంచుతారు. ఒక్కో జూమ్‌కు ఆ ముక్కలు నాలుగింతలవుతాయి, పదో స్థాయికి 10 లక్షలు దాటతాయి. ఫోన్‌కు మాత్రం తెర మీద కనిపించే కొన్ని ముక్కలే వస్తాయి. ఇలాంటివి తయారు చేయాలంటే ఎస్‌క్యూఎల్ (డేటాబేస్ నుంచి కావాల్సింది తీసే భాష), పైథాన్ (ప్రోగ్రామింగ్ భాష) గట్టిగా రావాలి. మ్యాపులు తయారు చేయడానికి క్యూజీఐఎస్ అనే సాఫ్ట్‌వేర్ ఉంది, అదీ ఉచితమే.

ఈ సెలవుల్లో ఒక్క ప్రాజెక్టు చేయించండి. తెలంగాణ ఓపెన్ డేటా పోర్టల్ (ప్రభుత్వ డేటా దొరికే వెబ్‌సైట్) నుంచి 2023 జులై మండలాలవారీ వర్షపాతం తీసుకుని రాష్ట్రం, జిల్లా, మండలం అని మూడు స్థాయిల్లో చూపమనండి. రాష్ట్రం మ్యాపు తెరవగానే లక్ష్మీదేవిపేట వైపు కన్ను పోవాలి. అలా పోతే ప్రాజెక్టు బాగా వచ్చినట్టే. ఇంటర్వ్యూలో సర్టిఫికెట్ కన్నా దీని గురించే ఎక్కువ మాట్లాడగలుగుతుంది.

ఉద్యోగ ప్రకటనల్లో డేటా అనలిస్ట్, జీఐఎస్ (మ్యాపుల డేటా పని), ఫ్రంట్ ఎండ్ (తెర మీద కనిపించే భాగం తయారీ) అనే పేర్లతో వెతకండి. తెలంగాణ యూనివర్సిటీల్లో ఎమ్మెస్సీ స్టాటిస్టిక్స్‌కు సీపీగెట్ అనే ప్రవేశ పరీక్ష ఉంది, ఐఐటీల కోసమైతే జామ్ అనే పరీక్ష రాయాలి. నా ఓటు ఎమ్మెస్సీకే. కోర్సుకని దాచిన డబ్బుకు కొంత కలిపి 16 జీబీ ర్యామ్ ఉన్న ల్యాప్‌టాప్ కొనివ్వండి.