జాస్ కొనకముందే ఇది చూడండి

చూపులేని, డిగ్రీ చదివే మీ తమ్ముడి ల్యాప్‌టాప్‌లో జాస్ (తెరపై ఉన్నది చదివి వినిపించే స్క్రీన్ రీడర్ సాఫ్ట్‌వేర్, డబ్బు పెట్టి కొనాలి) వేయాలంటే అప్పు చేయాల్సి వస్తోందన్నారు. అప్పు వద్దండీ. ఎన్‌వీడీఏ వేసి చూడండి. 2006లో ఆస్ట్రేలియాలో మైకేల్ కరన్ అనే అంధుడు మొదలుపెట్టిన స్క్రీన్ రీడర్ ఇది, పూర్తిగా ఉచితం. వర్డ్, ఎక్సెల్, బ్రౌజర్ అన్నీ చదువుతుంది. దాంతోపాటే వచ్చే ఈస్పీక్ అనే గొంతు సాఫ్ట్‌వేర్‌లో తెలుగు కూడా ఉంది. సెట్టింగ్స్‌లో సింథసైజర్‌ని (మాట పలికించే భాగం) ఈస్పీక్‌కి, వాయిస్‌ని తెలుగుకి మార్చుకుంటే చాలు. గొంతు మరమనిషిలా ఉంటుంది, మొదట్లో చిరాకే, కానీ వేగం పెంచినా మాట తెలుస్తుంది. ఇన్‌స్టాల్ చేయకుండానే నడిచే పోర్టబుల్ కాపీని పెన్‌డ్రైవ్‌లో పెట్టుకుంటే కాలేజీ ల్యాబ్‌లోనూ పనికొస్తుంది. ఆండ్రాయిడ్ ఫోన్‌లో టాక్‌బ్యాక్ అనే స్క్రీన్ రీడర్ ఎలాగూ ఉచితమే. రేపు ఏదైనా ఉద్యోగంలో జాసే కావాలంటే, ఆ లైసెన్స్ ఖర్చు కంపెనీనే అడగొచ్చు.