బీఫార్మసీ తర్వాత ఎక్స్‌పోర్ట్ సేల్స్

ప్రశ్న: బీఫార్మసీ మూడో ఏడు చదువుతున్నాను. మందుల ఎక్స్‌పోర్ట్ సేల్స్‌లోకి వెళ్లాలని ఉంది. ‘మెడికల్ రెప్ ఉద్యోగానికి ఇంత చదువెందుకు?’ అంటున్నారు నాన్న. ఎంబీఏ తప్పదా?
– ఒక విద్యార్థిని, గుంటూరు

జవాబు: ఎంబీఏ సంగతి తర్వాత చూద్దాం. పేరుకు ఎక్స్‌పోర్టే అయినా, మందులు అమ్మే పని ఒక్కో దేశంలో ఒక్కోలా ఉంటుంది. హైదరాబాద్‌లో 1984లో అంజిరెడ్డి గారు పెట్టిన డాక్టర్ రెడ్డీస్‌నే చూడండి. మొదట్లో బయటికి పంపింది మాత్రలు కాదు, మిథైల్‌డోపా లాంటి బల్క్ డ్రగ్స్, అంటే మాత్రల తయారీకి వాడే అసలు మందు పదార్థాలు. అక్కడ కొనేది ఇంకో కంపెనీ కాబట్టి నాణ్యత, ధర, చెప్పిన తేదీకి సరుకు చేరడం, ఇవే ముఖ్యం. 1990లలో రష్యాలో సొంత బ్రాండ్లతో దిగారు. అక్కడ డాక్టర్ రాస్తేనే మందు కదులుతుంది. కాబట్టి మీ నాన్నగారు చెప్పే రెప్‌లే కావాలి, అదీ రష్యన్ మాట్లాడేవాళ్లు.

అమెరికాలో జనరిక్ మందులకు కథ వేరు. 2001లో ఫ్లూఆక్సెటీన్ 40 మిల్లీగ్రాముల జనరిక్‌కు ఈ కంపెనీకి 180 రోజుల పాటు వేరే జనరిక్‌ల పోటీ లేకుండా అమ్ముకునే ప్రత్యేక హక్కు దొరికింది. అది బ్యాగు పట్టుకుని తిరిగితే వచ్చింది కాదు. అక్కడి మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏకి పెట్టిన ఫైలు, కోర్టులో పేటెంటు పోరాటం తెచ్చిపెట్టినది. 2006లో జర్మనీలో బీటాఫార్మ్ అనే జనరిక్ కంపెనీని 48 కోట్ల యూరోలకు ఏకంగా కొనేశారు. కొన్నాళ్లకే అక్కడి బీమా సంస్థలు టెండర్లు పిలిచి కొనడం మొదలుపెట్టాయి. తక్కువ ధర వేసినవాళ్లదే ఆర్డరు. రెప్‌ల బలగానికి ఉన్న విలువ పడిపోయింది, కంపెనీకి గట్టి దెబ్బే తగిలింది.

ఇప్పుడు మీ సంగతి. ఓపిగ్గా కాగితాలు చూసే గుణం ఉంటే రెగ్యులేటరీ అఫైర్స్ మంచిది. మందుకు అనుమతి కోసం ఇచ్చే ఫైళ్లు, అంటే డోసియర్లు తయారుచేసే ఆ పనిలో చేరడానికి బీఫార్మసీ చాలు, ఎంఫార్మసీ ఉంటే మేలు. మనుషులతో బేరసారాలు ఇష్టమైతే బిజినెస్ డెవలప్‌మెంట్. ఎంబీఏ నిజంగా అక్కరకొచ్చేది ఇక్కడే. విదేశీ వాణిజ్యానికి పేరున్న ఐఐఎఫ్‌టీ (ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫారిన్ ట్రేడ్) క్యాంపస్ కాకినాడలోనే ఉంది. అయితే డిగ్రీ అవగానే చేరకుండా, రెండేళ్లు ఉద్యోగం చేసి వెళ్లమంటాను. రెప్‌గా చేసినా సరే, ఆ రెండేళ్లు వృథా కావని నాన్నగారికి చెప్పండి. ఈలోగా రష్యన్ గానీ స్పానిష్ గానీ మొదలుపెట్టండి.

ఇండస్ట్రియల్ ట్రైనింగ్‌కు వెళ్లినప్పుడు ప్రొడక్షన్ ఒక్కటే చూసి వచ్చేయకండి. నాలుగు రోజులైనా రెగ్యులేటరీ వాళ్ల దగ్గర కూర్చోనివ్వమని అడగండి. ఆ పని మీకు సరిపడుతుందో లేదో అక్కడే తేలిపోతుంది.