పెట్టె మీది అంకె చూసి కొనకండి

కిందటి ఆదివారం గుడిలో ప్రసాదం దగ్గర ఒక అమ్మాయి నన్ను ఆపి అడిగింది. మేలో హైదరాబాద్ నుంచి డల్లాస్ వచ్చారట. బాబుకు జూలైలో ఆరు నిండాయి. అక్కడ ఫస్ట్ క్లాస్ అయిపోయింది. ఇక్కడి బడిలో మాత్రం వయసు ప్రకారం ఫస్ట్ గ్రేడ్‌లోనే చేర్చుకుంటామన్నారు. "ఒక ఏడాది వృథా అవుతుంది కదక్కా, ఇంట్లోనే చెప్పుకుందామనుకుంటున్నాం. సెకండ్ గ్రేడ్ పుస్తకాల సెట్టు కొనేయమంటారా?" అంది. అక్కడ నిలబడి రెండు మాటలే చెప్పగలిగాను. ఇదే టెన్షన్‌తో ఉన్నవాళ్లు ఇంకా ఉంటారు కాబట్టి మిగతాది ఇక్కడ రాస్తున్నాను.

కొనకండి. ఫస్ట్ గ్రేడ్ సెట్టు కూడా ఇప్పుడే కొనకండి.

మేము వచ్చిన కొత్తలో మా ఆయనకు ఏడాదికో ప్రాజెక్టు, ప్రాజెక్టుకో ఊరు. పాపను బడి మార్చి బడిలో వేయలేక ఒకటి, రెండు తరగతులు ఇంట్లోనే చెప్పాను. తెనాలిలో యూకేజీ చదివి వచ్చిన పిల్ల. పది ఎక్కాలు వచ్చు, గుండ్రటి కర్సివ్ రాత, ఒకటి నుంచి వంద దాకా స్పెల్లింగులు వచ్చు. అది చూసుకుని, అన్ని సబ్జెక్టులూ ఒకే పెట్టెలో వచ్చే సెకండ్ గ్రేడ్ సెట్టు ఒకటి తెప్పించాను. మూడో వారానికి లెక్కల పుస్తకం తీస్తే చాలు పాప కళ్లల్లో నీళ్లు. నేను గొంతు పెంచడం, తను ఇంకా బిగుసుకుపోవడం. అక్టోబరులో ఆ పెట్టె మూసేశాం. డబ్బు సంగతి అలా ఉంచండి, ఆ రెండు నెలల్లో తనకు లెక్కలంటే పుట్టిన భయం పోగొట్టడానికి ఆ చలికాలమంతా పట్టింది. తప్పు పిల్లది కాదు, పుస్తకానిది కూడా కాదు. తనకేం వచ్చో చూడకుండా తరగతి పేరు చూసి కొన్నాను.

గ్రేడ్ అనేది బడి తన వీలు కోసం వయసును బట్టి పెట్టుకున్న పేరు. పాతికమందిని ఒక గదిలో కూర్చోబెట్టాలంటే ఏదో ఒక లెక్క ఉండాలి కదా. ఇంట్లో ఉన్నది ఒక్క పిల్లాడు. వాడు లెక్కల్లో ఒక చోట, చదవడంలో ఒక చోట, రాయడంలో ఇంకో చోట ఉంటాడు. ఇండియా నుంచి వచ్చిన పిల్లల్లో ఈ తేడా మరీ ఎక్కువ, ఎందుకంటే అక్కడి ఎల్‌కేజీ, యూకేజీల్లో నొక్కి చెప్పేవి వేరు, ఇక్కడ చెప్పేవి వేరు.

చట్టం సంగతి ముందే చెప్పేస్తాను, చాలామంది భయం అక్కడే మొదలవుతుంది. టెక్సస్‌లో ఇంటి చదువును ప్రైవేటు బడితో సమానంగా చూస్తారు. 1994లో లీపర్ కేసులో ఇక్కడి సుప్రీంకోర్టు తేల్చిన విషయమది. చదవడం, స్పెల్లింగ్, వ్యాకరణం, లెక్కలు, మంచి పౌరుడిగా మెలగడం, ఈ ఐదూ నిజాయితీగా, రాతలో ఉన్న పాఠాలతో నేర్పాలి. ఏ గ్రేడ్ పుస్తకం వాడుతున్నారని అడిగేవాళ్లు లేరు. బాబును ఇప్పటికే పబ్లిక్ స్కూల్లో చేర్చి ఉంటే మాత్రం మానిపిస్తున్నట్టు ఉత్తరం తప్పక ఇవ్వండి, లేకపోతే గైర్హాజరు కింద వెళ్తుంది. రాష్ట్రం మారితే రూలు మారుతుంది. కాలిఫోర్నియాలో అక్టోబరు 1 నుంచి 15 లోపు అఫిడవిట్ వేయాలి. న్యూయార్క్‌లో ఏడాది ప్రణాళిక ఇచ్చి, మూడు నెలలకోసారి రిపోర్టు పంపాలి. అక్కడ కాగితం మీద గ్రేడ్ రాయాల్సి వస్తుంది. వయసుకు తగ్గ గ్రేడే రాయండి. బల్ల మీద ఏ పుస్తకం ఉండాలో పిల్లాడిని చూసి నిర్ణయించుకోండి.

ఇక అసలు పని. ఒక శనివారం పొద్దున, కడుపు నిండా టిఫిన్ తిన్నాక, పరీక్ష అనకుండా ఆటలా కూర్చోబెట్టి చూడండి.

లెక్కల్లో ఎక్కాలు అడగొద్దు. ఎనిమిదీ ఐదూ ఎంత అని అడిగి, ఎలా చేశాడో చూడండి. ఒకటి నుంచి వేళ్లు లెక్కపెడుతున్నాడా? ఎనిమిది మనసులో పెట్టుకుని ఐదు వేళ్లు ముడుస్తున్నాడా? లేక "ఎనిమిదికి రెండు ఇస్తే పది, ఇంకా మూడుంది, పదమూడు" అంటున్నాడా? మూడూ ఒకే జవాబు ఇస్తాయి గానీ మూడూ మూడు మెట్లు. ఇక్కడి ఫస్ట్ గ్రేడ్ లెక్కల్లో గుండెకాయ ఇదే: 20 లోపు కూడికలు, తీసివేతలు పదిని ఆసరా చేసుకుని చేయడం, 120 దాకా అంకెల్లో పదులెన్ని, ఒకట్లెన్ని అని తెలియడం. ఐస్‌క్రీమ్ పుల్లలు పదేసి రబ్బరుబ్యాండు వేసి ఇచ్చి, 47 పుల్లలు ఇవ్వమనండి. నాలుగు కట్టలు, ఏడు విడి పుల్లలు తీస్తే సరే. ఒక్కొక్కటీ లెక్కపెడుతూ కూర్చుంటే వంద దాకా అప్పజెప్పడం వచ్చింది గానీ అంకె ఇంకా అర్థం కాలేదన్నమాట. మా పాప ఆగిపోయింది సరిగ్గా ఇక్కడే. రెండో తరగతి పుస్తకం మొదటి వారంలోనే రెండంకెల కూడికలు పెట్టింది. పదుల సంగతి తెలియని పిల్లకు అవి గాలిలో మేడలే.

తరువాత రెండు కథ లెక్కలు చెప్పండి. "డబ్బాలో 12 లడ్డూలున్నాయి, 5 పక్కింటివాళ్లకు ఇచ్చాం, ఎన్ని మిగిలాయి?" ఇది చాలామంది చేసేస్తారు. "నీ దగ్గర 9, చెల్లి దగ్గర 6, నీకెన్ని ఎక్కువ?" అంటే తొమ్మిది అనో పదిహేను అనో వస్తుంది. పోల్చే లెక్క పిల్లలకు నిజంగా కష్టం. ఇవే లెక్కలు ముందు ఇంగ్లిష్‌లో అడగండి, తడబడితే తెలుగులో అడగండి. తెలుగులో టక్కున చెప్పాడంటే వాడికి లెక్క వచ్చు, రానిది "హౌ మెనీ మోర్" అనే మాట. అలాంటి పిల్లాడిని కింది లెవెల్‌కు దించకండి. ప్రశ్న మీరు చదివి తెలుగులో చెప్పండి, జవాబు వాణ్ణి రాయనివ్వండి. రెండు భాషల్లోనూ రాకపోతే అప్పుడు ఒక మెట్టు దిగండి. ఈ ఒక్క తేడా కనిపెట్టకే చాలామంది తల్లులు తెలివైన పిల్లాడికి లెక్కలు రావనుకుంటారు. ఇక్కడి టీచర్లు కూడా ఒక్కోసారి అలాగే పొరబడతారు.

ఇంకో మాట. పద్నాలుగు అంటే పదీ నాలుగూ అని మన మాటలోనే వినిపిస్తుంది. ఇంగ్లిష్‌లో ఫోర్టీన్ అన్నప్పుడు నాలుగు ముందొచ్చి, ఫార్టీతో కలిసిపోతుంది. అంకెలు తెలుగులో కూడా చెప్పించండి, పదుల సంగతి త్వరగా ఎక్కుతుంది.

పుస్తకాల్లో చిల్లర నాణేల లెక్కలు, అంగుళాల లెక్కలు కూడా ఉంటాయి. పెన్నీ, నికెల్, డైమ్, క్వార్టర్ మన పిల్లలు ఎప్పుడూ చూసి ఉండరు. అవి రానందుకు లెవెల్ తగ్గించక్కర్లేదు, గుప్పెడు నాణేలు ఇచ్చి వారం రోజులు కొట్టు ఆట ఆడితే వచ్చేస్తాయి.

చదవడం దగ్గర ఇంకా జాగ్రత్తగా చూడాలి. మన బడుల్లో "సి ఏ టి క్యాట్" అని అక్షరాల పేర్లతో కంఠస్థం చేయిస్తారు. అందుకే పిల్లాడు తెలిసిన పేజీ గడగడా చదివేస్తాడు. వాడికి నిజంగా చదవడం వచ్చిందో లేదో తెలియాలంటే అర్థం లేని మాటలు రాసి ఇవ్వండి. వి-ఐ-బి, ఎస్-హెచ్-ఓ-పికి బదులు ఎస్-హెచ్-ఓ-బి, చివర ఈ చేర్చి ఎమ్-ఓ-బి-ఈ, ఇలా ఓ పది. ధ్వనులు కలిపి చదవగలిగితే ఫస్ట్ గ్రేడ్ రీడింగ్ మొదలుపెట్టొచ్చు. అక్షరాల పేర్లు చెబుతూ ఆగిపోతే, ఎన్ని కథల పుస్తకాలు అప్పజెప్పినా సరే, ఫోనిక్స్, అంటే అక్షరాల ధ్వనులతో చదవడం నేర్పే పద్ధతి, మొదటి మెట్టు నుంచే రావాలి. ఇందులో చిన్నతనమేమీ లేదు. మా పాపను అలా వెనక్కి తీసుకెళ్తే నాలుగు నెలల్లో మొత్తం దాటేసింది. తెలుగు గుణింతాలు వచ్చిన పిల్లలకైతే ధ్వనులు కలపడం ఇంకా తేలిక, క కు దీర్ఘమిస్తే కా అని వాళ్లకు ఆ కిటుకు ముందే తెలుసు.

స్పెల్లింగ్‌లో వి, డబ్ల్యూ తారుమారు చేసినా, జడ్ బదులు జె రాసినా కంగారు పడొద్దు. మనకు రెంటికీ ఒకే వ, ఒకే జ. పళ్లు పెదవికి తగిలించి ఒకటి, పెదవులు గుండ్రంగా పెట్టి ఒకటి అని అద్దం ముందు చూపిస్తే చాలు. దాని కోసం కింది పుస్తకం అక్కర్లేదు.

రాత సంగతి త్వరగా చెప్పేస్తాను. కర్సివ్ వస్తే వదిలేయనివ్వకండి, కానీ వర్క్‌బుక్‌లో విడి అక్షరాలు రాయించండి. అందమైన రాత చూసి రైటింగ్‌లో పై లెవెల్ మాత్రం కొనకండి. చూసి రాయడం వేరు, సొంతంగా ఒక వాక్యం అల్లడం వేరు. మన పిల్లల్లో చాలామంది రెండోది ఎప్పుడూ చేసి ఉండరు. మొదట వాడు చెబుతుంటే మీరు రాయండి, తరువాత అది చూసి వాడు రాస్తాడు.

ఇవన్నీ అయ్యాక పుస్తకాల వైపు చూడండి. మొదటి ఏడాది అన్నీ ఒకే పెట్టెలో వచ్చే సెట్టు వద్దని నా గట్టి అభిప్రాయం, ఎందుకంటే అందులో అన్నీ ఒకే గ్రేడ్‌వి ఉంటాయి. సబ్జెక్టుకు సబ్జెక్టు విడిగా కొనుక్కోండి. లెవెల్ పేర్లు కూడా అర్థం చేసుకోవాలి. సింగపూర్ మ్యాథ్ అనే లెక్కల పుస్తకాల్లో 1ఏ, 1బీ అని సగం సగం ఏడాదివి, ఇక్కడి మామూలు పుస్తకాల కంటే కాస్త ముందుంటాయి. మ్యాథ్ యు సీలో గ్రేడ్ మాటే ఉండదు, ప్రైమర్ తరువాత ఆల్ఫా, బీటా, గామా. ఆల్ఫా అంటే ఒక అంకె కూడికలు, తీసివేతలు, బీటా అంటే పెద్ద అంకెలవి. ఆల్ అబౌట్ రీడింగ్‌లో లెవెల్ 1 అంటే ఫస్ట్ గ్రేడ్ అని కాదు, చదవడంలో మొదటి మెట్టు అని. ఇలాంటి వాటికి ఏ లెవెల్ సరిపోతుందో చూసే ప్లేస్‌మెంట్ టెస్టులు వాళ్ల సైట్లలోనే ఉచితంగా దొరుకుతాయి. ప్రింట్ తీసి పెట్టండి, పక్కన కూర్చుని సాయం చేయకండి. మన చేయి ఆగదు, నాకు తెలుసు, అందుకే మా ఇంట్లో టెస్టు మా ఆయన పెట్టేవారు. ఒక లెవెల్ చివరి టెస్టులో నూటికి ఎనభై పైన వస్తే తరువాతి లెవెల్, లేకపోతే అదే లెవెల్. రెంటి మధ్య ఊగుతుంటే కిందిదే తీసుకోండి. తేలిక పుస్తకంలో పేజీలు దాటేయొచ్చు, కష్టమైన పుస్తకంలో లేని పునాది మధ్యలో వేయలేం.

కొనేముందు చేతితో తిప్పి చూడండి. హాఫ్ ప్రైస్ బుక్స్ అనే పాత పుస్తకాల దుకాణం పుట్టింది డల్లాస్‌లోనే, పాత హోమ్‌స్కూల్ పుస్తకాలు అక్కడ తరచు దొరుకుతాయి. కథల పుస్తకాలు లైబ్రరీలోనే చూసుకోండి. పిల్లాడు ఒక పేజీ చదువుతుంటే రాని మాటకు ఒక వేలు ముడవండి. ఐదు వేళ్లూ ముడిస్తే ఆ పుస్తకం ఇప్పటికి కష్టం, రెండు మూడైతే సరిగ్గా తగినది.

పుస్తకం మొదలుపెట్టిన రెండు వారాల్లో సంగతి తెలిసిపోతుంది. పది లెక్కల్లో ఎనిమిదీ తొమ్మిదీ తనంతట తాను చేసి, ఒకటి రెండు దగ్గర ఆలోచిస్తుంటే అది వాడి లెవెల్. ఐదు నిమిషాల్లో ముగించి కాళ్లు ఊపుతుంటే ముందుకు జరపండి. రబ్బరుతో కాగితం చిరిగేదాకా చెరుపుతున్నా, లెక్కల వేళకే కడుపునొప్పి వస్తున్నా ఆ రోజే ఆపండి. ఈ వయసుకు రోజుకు గంటన్నర, రెండు గంటల కూర్చుని చదివే చదువు చాలు. జార్జియా లాంటి చోట చట్టం రోజుకు నాలుగున్నర గంటలు అడుగుతుంది, అక్కడ వంట, తోటపని, లైబ్రరీ కూడా చదువులోకి తెచ్చుకోండి.

ఇక ఆ "ఏడాది వృథా" మాట. వీడియో కాల్‌లో అమ్మమ్మలు, నానమ్మలు "మా చిన్నోడు ఏ క్లాసు?" అని అడుగుతారు, ఫస్టే అంటే వాళ్ల మొహం చిన్నబోతుంది. ఆ బరువు నాకు తెలుసు. కానీ జూలైలో ఆరు నిండిన పిల్లాడు ఇక్కడ ఫస్ట్ గ్రేడ్‌లో ఉండటం వెనకబడటం కాదు, తోటివాళ్లంతా ఆ వయసువాళ్లే. ఇండియాలో కూడా 2020 జాతీయ విద్యా విధానం ఒకటో తరగతికి ఆరేళ్లే పెట్టింది. రేపు పబ్లిక్ స్కూల్లో చేర్చినా వాళ్లు వయసు చూస్తారు, వాడికేం వచ్చో తామే పరీక్షిస్తారు, మీరు వాడిన పెట్టె మీది అంకెతో పని లేదు. నెలకోసారి ఒక లెక్కల పేజీ, ఒక రాత పేజీ తేదీ వేసి ఫైల్లో పెట్టుకోండి, చదివిన పుస్తకాల పేర్లు రాసుకోండి. వెనక్కి ఇండియా వెళ్లాల్సి వచ్చినా అడ్మిషన్ దగ్గర చూపించడానికి ఆ ఫైలు పనికొస్తుంది.

గుడిలో అడిగిన అమ్మాయి ఆ రాత్రే పుల్లల కట్టలతో చూసి ఫోన్ చేసింది. బాబు 47 పుల్లలూ ఒక్కొక్కటిగా లెక్కపెట్టాడట, వి-ఐ-బి దగ్గర ఆగిపోయాడట, లడ్డూల లెక్క మాత్రం తెలుగులో వెంటనే చెప్పాడట. లెక్కలకు 1ఏ, చదవడానికి ఫోనిక్స్ మొదటి మెట్టు, కథ లెక్కలు తెలుగులో అమ్మ చదివి చెప్పడం, ఇలా మొదలుపెట్టమన్నాను. డిసెంబరు సెలవుల్లో మళ్లీ టెస్టు పెట్టి చూద్దామనుకున్నాం.