కారు కబుర్లు: మీరడిగారు, నేను చెప్తున్నా

ప్రశ్న: మా వాడు అడాస్ (స్టీరింగ్, బ్రేకు విషయంలో డ్రైవర్‌కి సాయం చేసే కంప్యూటర్ ఏర్పాటు) ఉన్న కొత్త ఎస్‌యూవీ కొన్నాడు. హ్యాకర్లు ఇంట్లో కూర్చుని రోడ్డు మీద పోయే కారుని ఆపేస్తారని వాట్సాప్‌లో వీడియో తిరుగుతోంది, అది చూసినప్పట్నుంచి వాళ్లమ్మ కారెక్కనంటోంది. నిజంగా అవుతుందా? – ఒక రిటైర్డ్ టీచర్, ఖమ్మం

జవాబు: మాస్టారూ, అవుతుంది, అయ్యింది కూడా, కాకపోతే మీకొచ్చింది పాత వీడియో అయ్యుంటుంది. 2015లో అమెరికాలో సెయింట్ లూయిస్ దగ్గర ఆండీ గ్రీన్‌బర్గ్ అనే జర్నలిస్టు జీప్ చెరోకీలో హైవే మీద 110 స్పీడ్‌లో పోతున్నాడు, చార్లీ మిల్లర్, క్రిస్ వాలసెక్ అనే ఇద్దరు సెక్యూరిటీ వాళ్లేమో మైళ్ల దూరంలో ఇంట్లో ల్యాప్‌టాప్‌లు పెట్టుకుని కూర్చున్నారు. ముందు ఏసీ ఫుల్లు, తర్వాత రేడియో చెవులు చిల్లులు పడేలా, వైపర్లు వాటంతటవే తిరిగి అద్దమంతా నీళ్లు, ఆఖరికి గేర్లు పనిచేయకుండా చేశారు, ఎంత తొక్కినా ఇంజన్ అరుస్తోంది గానీ బండి లాగట్లేదు, వెనకేమో పెద్ద లారీ, పక్కకి తీద్దామంటే ఆ బ్రిడ్జి మీద జాగా లేదు. ముందే మాట్లాడుకుని చేసిన టెస్టే, ఎప్పుడేం చేస్తారో మాత్రం ఆయనకి చెప్పలేదు.

ఎలా దూరారంటే, పాటలు పెట్టుకునే స్క్రీన్‌కి మొబైల్ ఇంటర్నెట్ ఉంది కదా, అందులో ఒక తలుపు తాళం వేయకుండా వదిలేశారు. అక్కణ్ణుంచి లోపలికొచ్చి, స్క్రీన్‌కీ కారు వైరింగ్‌కీ మధ్య ఉన్న చిప్‌లోకి సొంత ప్రోగ్రాం ఎక్కించారు. ఇక ఆ తర్వాత క్యాన్ బస్ ఉండనే ఉంది. బాష్ వాళ్లు 1986లో తెచ్చిన పద్ధతి, కారులోని కంప్యూటర్లన్నీ దాని మీదే మాట్లాడుకుంటాయి. గుడి మైకు లాంటిది అనుకోండి, ఎవడు పట్టుకుని ఏం చెప్పినా ఊరంతా వినాల్సిందే, చెప్పిందెవడ్రా అని అడిగేవాడు లేడు. అప్పుడు కారుకి ఇంటర్నెట్ వస్తుందని ఎవరనుకున్నారు చెప్పండి!

నాకు ఇందులో బాగా గుర్తుండిపోయింది వేరే. ఆ జీప్‌లో అప్పటికి స్టీరింగ్‌ని రివర్స్‌లో ఉన్నప్పుడే తిప్పగలిగారు, పార్కింగ్ అసిస్ట్ కోసం పెట్టిన ఏర్పాటునే వాడుకున్నారు మరి. అంటే కంప్యూటర్ చేతికి మనం ఏది ఇస్తామో దొంగ చేతికి వెళ్లగలిగేది కూడా అదే. అడాస్‌లో స్టీరింగ్, బ్రేకు రెండూ ఇచ్చేశాం. అందుకే ఆ తర్వాత కంపెనీలు మేల్కొన్నాయి, జీప్ వాళ్లు 14 లక్షల బండ్లు రీకాల్ చేసి పెన్‌డ్రైవ్‌లో సాఫ్ట్‌వేర్ పోస్టులో పంపారు, యూరప్‌లో అయితే 2024 జులై నుంచి సైబర్ సెక్యూరిటీ రూల్ పాటించని కొత్త కారు అమ్మడానికే లేదు. ఆ ఇద్దరూ ఆరితేరినవాళ్లు, దానికోసం కారు కొనుక్కుని నెలల తరబడి కూర్చున్నారు. మీ వాడి కారు కోసం అంత కష్టపడేవాడు ఎవడుంటాడండీ, అమ్మగార్ని నిశ్చింతగా ఎక్కమనండి.

నా భయం ఫోన్ యాప్ మీద. 2024లో అమెరికాలో కొందరు రీసెర్చర్లు కియా కార్ల వెబ్‌సైట్‌లో లొసుగు పట్టుకుని ఉత్త నంబర్ ప్లేట్ చూసి డోర్లు తీయొచ్చని చూపించారు, ఒక్క వైరు ముట్టుకోకుండా. వాళ్లు చెప్పాక కంపెనీ సరిచేసిందనుకోండి. మన దగ్గర అంతదాకా కూడా అక్కర్లేదు, మొన్న మా షెడ్డుకి సెకండ్ హ్యాండ్ బండి ఒకటి వచ్చింది, స్క్రీన్ ఆన్ చేస్తే పాత ఓనర్ కాంటాక్టులు, "పాలబ్బాయి", "చిన్న బావ", మ్యాప్‌లో ఇంటి అడ్రస్, అన్నీ అలాగే ఉన్నాయి. యాప్ కూడా ఇంకా ఆయన ఫోన్‌కే లింకై ఉంది, ఆయన తల్చుకుంటే ఆయనింట్లోంచే డోర్ తీయొచ్చు. పాత బండి కొంటే ముందు అది రీసెట్ చేయించండి, పసుపు కుంకుమ తర్వాత.

ప్రశ్న: మావారు ఔటర్ రింగ్ రోడ్ ఎక్కగానే క్రూయిజ్ (స్పీడ్‌ని కారే చూసుకునే ఏర్పాటు) వేసి ఫోన్ చూస్తున్నారు. అదేమంటే లెవల్ 2 అంటారు. మీరైనా చెప్పండి. – ఒక సోదరి, హైదరాబాద్

జవాబు: అమ్మా, కారు తనంతట తాను ఎంతవరకు నడుస్తుందో చెప్పే లెక్కలో లెవల్ 5 దాకా ఉన్నాయి, 2 అంటే కారు సాయం చేస్తుంది, నడిపేది ఆయనే. ఆయనకి ఈ ముక్క చదివి వినిపించండి: 2018 మార్చిలో ఆరిజోనాలోని టెంపీలో తనంతట తాను నడిచే ఉబర్ టెస్ట్ కారు రాత్రిపూట సైకిల్ నడిపించుకుంటూ రోడ్డు దాటుతున్న ఒకావిణ్ణి గుద్ది చంపేసింది. కారు గుడ్డిది కాదు, 5.6 సెకన్ల ముందే ఆమెని చూసింది. చూసి ఏం చేసింది, ఒకసారి బండి అనుకుంది, ఇంకోసారి ఇంకేదో అనుకుంది, తర్వాత సైకిల్ అంది, అనుకున్నది మార్చుకున్న ప్రతిసారీ ఆమె ఎటు నడుస్తోందన్న లెక్క మళ్లీ మొదటికి. జీబ్రా క్రాసింగ్ లేని చోట మనిషి రోడ్డు దాటుతాడని ఆ ప్రోగ్రాంకి తెలీదు. మన దగ్గర ఇంకెక్కడ దాటుతారు? సీట్లో కూర్చున్న డ్రైవరేమో ఆ టైమ్‌లో ఫోన్ చూస్తోంది.

టెస్లా కూడా 2023 డిసెంబర్‌లో 20 లక్షల పైచిలుకు కార్లకి అప్‌డేట్ పంపాల్సొచ్చింది, డ్రైవర్ రోడ్డు చూస్తున్నాడా లేదా అన్న చెకింగ్ చాలట్లేదని.

ప్రశ్న: మన దగ్గర డ్రైవర్ లేని కార్లు ఎప్పుడొస్తాయి సార్? – ఇంటర్ స్టూడెంట్, కర్నూలు

జవాబు: తేదీ చెప్పేవాణ్ణి నమ్మకు బాబూ. సంగారెడ్డి జిల్లా కందిలో ఐఐటీ హైదరాబాద్ వాళ్లకి తిహాన్ అని డ్రైవర్ లేని బండ్ల టెస్టింగ్ ట్రాక్ ఉంది, 2022 జులైలో మొదలైంది. క్యాంపస్‌లో డ్రైవర్ లేకుండా తిరిగే బండి అక్కడ తయారుచేశారు, చూడాలనుంటే బాగా చదివి అక్కడే సీటు కొట్టు.

ప్రశ్న: బటన్ స్టార్ట్ కారు. తాళం జేబులో ఉంటే చాలు డోర్ తెరుచుకుంటుంది. దొంగలకి కూడా ఇది ఈజీయేనా? – విజయవాడ

జవాబు: ఈజీయే అండీ. కారు "ఉన్నావా" అని పిలుస్తుంది, తాళం "ఉన్నా" అంటుంది, మధ్యలో ఇద్దరు దొంగలు చెరో పెట్టె పట్టుకుని, ఒకడు కారు దగ్గర, ఒకడు మీ గుమ్మం దగ్గర నిలబడితే ఆ పిలుపుని మీ ఇంట్లోకి చేరవేస్తారు, గుమ్మం పక్కన మేకుకి తగిలించిన తాళం పాపం నిజాయితీగా పలుకుతుంది. సిగ్నల్ ఆపే పౌచ్‌లు అమ్ముతారు, స్టీలు డబ్బా కూడా పనికొస్తుంది కానీ నమ్మే ముందు టెస్ట్ చేసుకోండి. నేను మా ఇంట్లో జంతికల డబ్బాలో తాళం వేసి, డబ్బా చంకలో పెట్టుకుని కారు దగ్గరికెళ్లి చూశా, డోర్ తెరుచుకుంది. మూత సరిగ్గా పట్టలేదు. గట్టిగా నొక్కి మళ్లీ వెళ్తే అప్పుడు తెరుచుకోలేదు.